శుక్రవారం తెల్లవారితే శనివారం

ఈసారి పోస్టు బాగా పొడుగు. చాయ్ పెట్టుకుని కూర్చోండి, లేదంటే డ్యూటీ దిగి వచ్చాక చదవండి. "ఆ రిజిస్టరు పని ఎందాకా వచ్చింది, అసలు అయ్యేదేనా?" అని ఉగాది నుంచి అడుగుతూనే ఉన్నారు. జవాబు చెప్పాలి. దానికంటే ముందు ఒక క్షమాపణ కూడా చెప్పుకోవాలి. కమిటీలో కొందరు "అది ఇప్పుడెందుకు, అందరూ మర్చిపోయారు కదా" అన్నారు. మేము మర్చిపోలేదు.

2024 ఫిబ్రవరి 2, శుక్రవారం రాత్రి. తెల్లవారితే శనివారం. ఒంటిగంటా నలభైకి ఫోన్ మోగింది. మన వాళ్లింటి కోడలికి చంద్రపూర్‌లో కాన్పయింది, రక్తం ఆగడం లేదు, బి నెగెటివ్ కావాలి. దాతల పట్టిక తెరిచాం. మనలో బి నెగెటివ్ వాళ్లు నలుగురే. ఒకరు ఊళ్లో లేరు. ఒకరికి అరవై అయిదు దాటింది. ఒకరికి జ్వరం. నాలుగో తమ్ముడి పేరు పక్కన గడి పచ్చగా ఉంది. పచ్చగా ఉందంటే ఇవ్వొచ్చని అర్థం. ఆ తమ్ముడు నైట్ షిఫ్టులో ఉన్నాడు. ఫోర్‌మన్‌ను బతిమాలి బయటికి పిలిపించాం. గడ్‌చాందూర్ నుంచి రాజురా, అక్కడి నుంచి వర్ధా వంతెన దాటి బల్లార్‌పూర్, చంద్రపూర్. నలభై కిలోమీటర్ల పైచిలుకు దారి, మోటార్‌సైకిల్ మీద, ఆ చలిలో.

తీరా వెళ్తే బ్లడ్ బ్యాంకు వాళ్లు తమ రిజిస్టరు తిప్పి, "డిసెంబరు 5న ఇచ్చావు కదా, మూడు నెలలు కాందే కుదరదు" అని వెనక్కి పంపారు. వాళ్లు చేసింది సరైన పనే. రక్తమిచ్చాక మగవాళ్లు 90 రోజులు, ఆడవాళ్లు 120 రోజులు ఆగాలి. అప్పటికి అతనికి అరవై రోజులే అయ్యాయి. బల్లార్‌పూర్ నుంచి ఇంకో దాత దొరికేసరికి అయిదు కావచ్చింది. తల్లీ బిడ్డా క్షేమం. కానీ ఆ మూడు గంటలు ఆ ఇంట్లోవాళ్లు ఎలా గడిపారో మాకు తెలుసు, ఆసుపత్రి వరండాలో వాళ్ల పక్కనే ఉన్నాం కాబట్టి.

తర్వాత ఆ తమ్ముణ్ణి అడిగాం, నీకైనా గుర్తు రాలేదా అని. "రెండు నెలలా మూడు నెలలా అని నాకూ అనుమానమే అన్నా. మీ పట్టికలో పచ్చగా ఉందన్నారు. మీరు లెక్క చూసే పిలిచారనుకున్నా" అన్నాడు. ఆ మాట మమ్మల్ని ఇప్పటికీ కుదురుగా కూర్చోనివ్వదు.

మర్నాడు పట్టిక ముందేసుకుని కూర్చున్నాం. ముగ్గురం. ఒకరిది సిమెంటు ఫ్యాక్టరీ ప్యాకింగ్ సెక్షన్, ఒకరు బడిలో టీచరు, ఒకమ్మాయి నాగపూర్‌లో స్టాటిస్టిక్స్ చదువుతోంది. అతను ఫారంలో 05/12/2023 అని రాశాడు. పట్టికలో అది మే 12 అయి కూర్చుంది. షీటు తయారుచేసి ఇచ్చింది అమెరికాలో ఉన్న మన వాళ్లబ్బాయి. పాపం సెలవు రోజున కూర్చుని, డబ్బులు తీసుకోకుండా చేసిచ్చాడు. అతని కంప్యూటరు అమెరికా అలవాటు ప్రకారం నెల ముందు, రోజు తర్వాత చదివింది. ఆ సెట్టింగు చూసుకోవలసింది మేము.

అన్ని తేదీలూ తప్పు పడి ఉంటే మొదటి రోజే పట్టుకునేవాళ్లం. ఇందులో దగా ఏమిటంటే, 25/04 అని రాస్తే ఇరవై అయిదో నెల లేదు కాబట్టి యంత్రం దాన్ని తేదీగా తీసుకోదు. ఉత్త అక్షరాల్లా గడిలో ఎడమవైపు పడి ఉంటుంది. అది కంటికి ఆనుతుంది, మనం దిద్దుతాం. రోజు అంకె పన్నెండు లోపు ఉన్న తేదీ మాత్రం చక్కగా కుడివైపు సర్దుకుని, నెలా రోజూ తారుమారై, పెద్దమనిషిలా కూర్చుంటుంది. ఏడాదిలో అలా రెండు విధాలా చదవగలిగేవి పన్నెండు పన్నెండ్ల 144 తేదీలు. అందులో ఒకటి ఒకటి, రెండు రెండు లాంటివి 12 తిరగేసినా అవే. మిగతా 132 తేదీలు చప్పుడు చేయకుండా మారిపోతాయి. అంటే ఏడాదిలో మూడో వంతుకు మించి. మేము ఎడమవైపు పడ్డవి దిద్దుకుని "అంతా సరిచేశాం" అని గ్రూపులో గొప్పగా మెసేజ్ కూడా పెట్టాం. ఆ మెసేజ్ ఇంకా ఉంది, వెతికితే కనిపిస్తుంది.

అప్పుడు అమ్మాయి ఆ షీటును ఆర్ అనే ప్రోగ్రాంలోకి తీసుకుంది. స్టాటిస్టిక్స్ వాళ్లు వాడే పనిముట్టు, ఖర్చు లేనిది, 1990లలో న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో ఇద్దరు అధ్యాపకులు మొదలుపెట్టినది. అక్కడ మాకు తెలిసింది ఏమిటంటే, యంత్రానికి తేదీ అంటే ఏమీ తెలియదు. ఒక రోజును సున్నా అనుకుని, అక్కడి నుంచి ఎన్నో రోజో లెక్కపెట్టడమే దానికి వచ్చు. ఆర్‌కు సున్నా 1970 జనవరి 1. ఆ లెక్కన మన తమ్ముడు రక్తమిచ్చిన రోజు 19696. ఎక్సెల్ లెక్క 1900 నుంచి మొదలవుతుంది, దానికి అదే రోజు 45265. సాస్ అనే ఇంకో ప్రోగ్రాంకు సున్నా 1960 జనవరి 1. ఎస్‌పీఎస్ఎస్ అయితే 1582 అక్టోబరు 14 నుంచి సెకన్లు లెక్కపెడుతుంది. మన గ్రెగోరియన్ క్యాలెండరు పుట్టింది ఆ మర్నాడే మరి. ఒకే రోడ్డు మీద ఒక కిలోమీటరు రాయి చంద్రపూర్ నుంచి కొలిచినది, పక్కది ఆదిలాబాద్ నుంచి కొలిచినది అయితే ఎట్లా ఉంటుందో అట్లా అన్నమాట. కొన్ని గళ్లలో తేదీ బదులు 45265 లాంటి ఉత్త అంకెలు వచ్చాయి. ఆర్ వాటిని తన సున్నా నుంచి కొలిచి 2093 డిసెంబరు అంది. అంటే ఆ లెక్కన ఆ తమ్ముడు రక్తమివ్వాల్సింది ఇంకా డెబ్భై ఏళ్ల తర్వాత.

(ఎక్సెల్ 1900 సంవత్సరానికి ఫిబ్రవరి 29 కూడా ఇచ్చేసింది. ఆ ఏడాదికి ఆ రోజు లేదు. లోటస్ అనే పాత ప్రోగ్రాంలో ఉన్న తప్పును, దానితో లెక్కలు కలవాలని, తెలిసే ఉంచేశారు. ఇన్నేళ్లయినా అలాగే ఉంది. మనిషి చేసిన తప్పు ఒకసారి లెక్కలోకి ఎక్కితే దిగదు.)

ఇక రాత్రి సంగతి. రక్తం కోసం ఫోన్లు ఏ వేళప్పుడు ఎక్కువ వస్తున్నాయో చూద్దామని, ఫోను వచ్చిన గంట, నిమిషం అన్నీ పెట్టి లెక్కకట్టాం. ఆ ఫిబ్రవరి ఫోను ఏ తేదీ కింద పడిందో చూస్తే 2 అని ఉంది. గడియారం ప్రకారం ఒంటిగంటా నలభై అంటే 3వ తేదీ వచ్చేసినట్టే కదా. అమ్మాయి తల పట్టుకుని గంటసేపు కూర్చుని కనిపెట్టింది. సమయంలోంచి తేదీ ఒక్కటే విడదీయమన్నప్పుడు, ఎక్కడి గడియారమో మేము చెప్పలేదు. మేము వాడిన పాత వెర్షన్ గ్రీన్‌విచ్ గడియారం ప్రకారం తీసింది. మనం గ్రీన్‌విచ్ కంటే అయిదున్నర గంటలు ముందున్నాం. కాబట్టి అర్ధరాత్రి నుంచి పొద్దున అయిదున్నర లోపు జరిగినవన్నీ ముందు రోజు ఖాతాలో పడ్డాయి. నైట్ షిఫ్టు వాళ్ల సగం బతుకు ముందు రోజుకు జరిగిపోయింది.

తప్పు దొరికిందని సంతోషిస్తుంటే మా ముగ్గురిలో టీచరుగారు నవ్వారు. "అయిదున్నరకు రోజు మొదలవడం తప్పెట్లా అవుతుంది? మన రోజు మొదలయ్యేది అప్పుడే కదా!" అన్నారు. నిజమే. పంచాంగంలో వారం మారేది సూర్యోదయానికి. మే నెలాఖరులో ఇక్కడ పొద్దు పొడిచేది దాదాపు ఆ వేళకే. యంత్రం చేసిన పొరపాటు మన తాతల లెక్కకు దగ్గరగా వచ్చి కూర్చుంది!

అందుకే మన పెళ్లిపత్రికల మీద ఆ మాట వేస్తారు. "శనివారం రాత్రి 2.17 నిమిషాలకు, తెల్లవారితే ఆదివారం" అని. మూడు మాటల్లో రెండు క్యాలెండర్లనూ కలిపి కుట్టేశారు పెద్దవాళ్లు. ఆ మాట వదిలేస్తే ఏమవుతుందో మన గ్రూపులోనే చూశాం. ఒక పెళ్లి ముహూర్తాన్ని ఒక పిల్లవాడు ఫోన్ క్యాలెండరులో శనివారం 2.17 అని పెట్టి అందరికీ పంపాడు. శుక్రవారం రాత్రే కొందరు జీపు మాట్లాడుకుని బయల్దేరారు. పెళ్లివారింట్లో ఇంకా పందిరి గుంజలు పాతుతున్నారట. అది తలచుకుని నవ్వుకున్నాం. ఫిబ్రవరిది తలచుకుని నవ్వలేం. రెండూ ఒకే జాతి తప్పు.

దాతల పట్టిక దిద్దాక అసలు రిజిస్టరులో పుట్టినతేదీల మీద పడ్డాం. చార్టు గీస్తే మామూలు రోజుల దగ్గర గడ్డిపరకలు, జూన్ 1, జూలై 1, జనవరి 1 దగ్గర తాటిచెట్లు. మన పెద్దవాళ్లలో ఇంతమంది ఒకేరోజు పుట్టారా అని అమ్మాయి ఆశ్చర్యపోయింది. మేము ఆశ్చర్యపోలేదు. బడిలో చేర్చేటప్పుడు హెడ్మాస్టరు పెట్టిన పుట్టినరోజులు అవి. జూన్ 1న సంఘం తరఫున శుభాకాంక్షలు పంపితే ఒక పెద్దాయన, "నాకెందుకు పంపుతరు, మా సారుకు పంపుండ్రి" అన్నాడు.

ఇంకొకాయన 15-8-52 అని రాశారు. ఆర్‌కు సంవత్సరం రెండంకెల్లో ఇస్తే 00 నుంచి 68 దాకా 2000లలో వేస్తుంది, 69 నుంచి 99 దాకా 1900లలో వేస్తుంది. ఆ లెక్కన ఆయన 2052లో పుడతారు. వయసు మైనస్ 28 అని వచ్చింది. చూపిస్తే, "అయితే ఫ్యాక్టరీలో నా సర్వీసంతా ఎవరు చేసినట్టు?" అని అడిగారు. నవ్వులాటకు బాగుంది గానీ మన సంవత్సరాల పేర్లతోనూ ఇదే పేచీ. ఒక అమ్మమ్మగారి జాతకంలో ఖర నామ సంవత్సరం అని ఉంది. ఖర 1951లో వచ్చింది, మళ్లీ 2011లో వచ్చింది. మనవరాలి జాతకంలోనూ ఖరే. అరవై ఏళ్ల చక్రం కూడా పైన రెండంకెలు కొట్టేసిన సంవత్సరమే. ఇంట్లో మనిషి ఎదురుగా ఉంటే అనుమానం రాదు, కాగితం ఒక్కటే మిగిలితే వస్తుంది.

అసలు కష్టం మన ఊరి పాత కాగితాలది. కొత్తగా వచ్చిన కుటుంబాలకు తెలియకపోవచ్చు, మన రాజురా ప్రాంతం 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లా కింద ఉండేది. అప్పటి సర్కారీ కాగితాల్లో ఫసలీ సంవత్సరం రాసేవారు. భూముల తగాదాల్లో ఇప్పటికీ వినబడే 1317 ఫసలీ చట్టం ఆ లెక్కలోదే, అంటే 1907. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లిషు సంవత్సరం. కానీ అదీ తిన్నగా కుదరదు. ఆ సంవత్సరం ఆజూర్ నెలతో అక్టోబరులో మొదలయ్యేది. కాబట్టి 1352 ఫసలీ అంటే మొదటి మూడు నెలలు 1942లో, మిగతావి 1943లో. మన సభ్యుల ఇంట్లో ఒక తాతగారి ఉర్దూ సర్టిఫికెట్ మీద ఉన్న 1352ను ఉన్నది ఉన్నట్టు ఎక్కించాం. యంత్రం కిక్కురుమనలేదు. 1352వ సంవత్సరం కూడా దానికి సంవత్సరమే. తాతగారి వయసు 672 అని లెక్క కట్టి ఇచ్చింది.

కాగితమే లేని వాళ్లు ఇంకొందరు. ఒక పెద్దమ్మ ఇంటికి వెళ్లి, ఎప్పుడు పుట్టావమ్మా అని అడిగాం. "పోలీస్ యాక్షన్ అయిన ఏడు. జొన్నకోతలప్పుడు. మా అవ్వ చేన్లకెళ్లి వచ్చినంక, దీపాలు పెట్టే యాళ్లకు" అంది. ఇంతకంటే ఖచ్చితంగా ఎవరు చెప్పగలరు? పోలీసు చర్య 1948 సెప్టెంబరు 13 నుంచి 17 దాకా. జొన్నకోతలు ఆ తర్వాత, చలి ముదిరేటప్పుడు. అంటే 1948 చివర, లేదా మరీ ఆలస్యమైతే 1949 మొదట్లో. ఆమె ఆధార్ మీద మాత్రం 1953 జనవరి 1 ఉంది. ఎవరో అడిగారు, ఎవరో చెప్పారు, ఎవరో రాశారు. మహారాష్ట్రలో 75 దాటిన వాళ్లకు ఎస్టీ బస్సులో 2022 ఆగస్టు నుంచి టికెట్ లేదు. జొన్నకోతల లెక్కన ఆమెకు 75 నిండాయి. కార్డు లెక్కన నిండలేదు. అందుకని చంద్రపూర్ కంటి ఆసుపత్రికి వెళ్లిన ప్రతిసారీ సగం టికెట్ తీసుకుంటోంది. ఇది మా ముగ్గురి వల్ల తేలేది కాదు. కానీ మన రిజిస్టరులో కూడా 1953 అనే రాసేస్తే ఇక ఆమె మాట ఎక్కడా ఉండదు.

వధూవరుల పట్టికలో పుట్టిన సమయాల గురించి క్లుప్తంగా చెబుతాం, ఎందుకంటే ఇక్కడ ఎక్కువ మాట్లాడితే జ్యోతిష్యం తెలిసినవాళ్లు మా మీదికి వస్తారు. 12.30 అని మాత్రమే రాసి పగలో రాత్రో చెప్పని వాళ్లు బోలెడుమంది. రాత్రి 12.30 అంటే ఆ రాత్రా, ముందు రాత్రా అన్నది ఇంకో చిక్కు. దేశపు గడియారం కాకినాడకు దగ్గరగా పోయే 82న్నర డిగ్రీల రేఖది. మనం 79 డిగ్రీల పైచిలుకులో ఉన్నాం. మన నడినెత్తి పొద్దు సగటున ఆ గడియారం కంటే పదమూడు నిమిషాలు వెనక. 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు దాకా యుద్ధం కోసం గడియారాన్ని ఇంకో గంట ముందుకు తిప్పారని ఆర్‌కు తెలుసు, మనలో ఎవరికీ తెలియదు. తిథులూ అంతే. మనకూ మరాఠీ వాళ్లకూ మాసం అమావాస్యతో ముగుస్తుంది. కాలనీలో మన పక్కింటి ఉత్తరాది వాళ్లకు పౌర్ణమితో ముగుస్తుంది. మన శ్రావణ బహుళ అష్టమి వాళ్లకు భాద్రపదం. పండుగ ఒకటే రోజు, నెల పేరే వేరు. అందుకని తద్దినాల పట్టిక నింపేటప్పుడు తిథి ఎవరి పంచాంగం ప్రకారమో కూడా అడుగుతున్నాం, విసుక్కోకండి.

ఇప్పుడు పని ఇలా మార్చాం. ప్రతి తేదీకి ఒక గడి బదులు మూడు. మొదటి గడిలో మీరు చెప్పిన మాట, చెప్పినది చెప్పినట్టు. దాన్ని ఇక ఎవరూ ముట్టుకోరు. రెండో గడిలో మేము అర్థం చేసుకున్న తేదీ, ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు. అంతర్జాతీయంగా అందరూ ఒప్పుకున్న వరస అది, అక్షరక్రమంలో పేర్చినా కాలక్రమం చెడదు. మూడో గడిలో అది ఎంతవరకు నమ్మదగినదో. రోజు తెలుసా, నెల తెలుసా, ఏడాది ఒక్కటే తెలుసా. తెలియకపోతే ఖాళీ. ఖాళీగా ఉంచితే రిజిస్టరు అందవికారంగా ఉంటుందని కమిటీలో ఒకరన్నారు. ఉండనివ్వండి. అందంగా ఉన్న రిజిస్టరు ఏం చేసిందో ఫిబ్రవరిలో చూశాం. దాతల పట్టికలో పచ్చరంగు ఇప్పుడు మూడు గళ్లూ నిండితేనే వస్తుంది, లేకపోతే పసుపు. పసుపు ఉంటే దాతకు ఫోన్ చేసి అడిగాకే పిలుస్తాం.

మీ వల్ల కావలసింది ఒకటే. రక్తమిచ్చిన తేదీ పంపేటప్పుడు నెల అంకెతో వద్దు, పేరుతో రాయండి. తెలుగులో రాసినా సరే, మరాఠీలో రాసినా సరే. రాత్రి జరిగినదైతే తెల్లవారితే ఏ వారమో కూడా రాయండి. పాత ఫారాలలో ఇంకా తేలనివి ఉన్న ఇళ్లకు మేమే వస్తాం. పెద్దవాళ్లను ఆ పూట ఇంట్లో ఉండమనండి, వాళ్లు చెప్పేది కాగితాల కంటే నయంగా ఉంది.

ఆ తమ్ముడికి తొంభై రోజులు మార్చి 4న నిండాయి. ఆ రోజు పొద్దున తనే ఫోన్ చేశాడు. "అన్నా, నా గడి పచ్చగయిందా?" అని అడిగాడు. అయింది తమ్ముడూ అన్నాం. ఒక్క క్షణం ఆగి, "ఇండియా లెక్కనా, అమెరికా లెక్కనా?" అన్నాడు.